పాత కవరు

పేరు సహస్ర.
తినేటియి ఐదు.

వేళ్ల మీద చెప్త:
నల్లమచ్చ పడని జొన్నరొట్టె,
గుడ్డుల తెల్లసొన,
మీగడ తీసిన పెరుగు (చెంచ స్టీలుది కావద్దు),
రైల్వేగేటు కాడి బండి మీది మరమరాలు,
ఐదు రూపాయల బిస్కెట్ పుడ.

అన్నం లేదు అందుల.

నేను మిర్యాలగూడల మిల్లు హమాలిని.
దినాం బస్తాలు నా వీపెక్కి లారీలకు పోతయి.
ఏ ఊర్లనో ఎవరి పిల్లలో
బుక్కెడు బుక్కెడు మింగుతరు.
నా బిడ్డ ముంగట మెతుకు పెడితె
పురుగును చూసినట్టు చూస్తది.

"రెండొద్దులు పస్తు పండవెట్టు,
ఆకలైతె అదే తింటది" అన్నది మా అక్క.
వాడకట్టంత అన్నది.
నేను సుత అన్న.
పండవెట్టినం.
మూడోనాడు నల్లగొండ పెద్దాస్పత్రిల
నరం దొరకక నర్సమ్మ
నాలుగు చోట్ల పొడిచింది.
ఆ నాలుగు మచ్చలు మానినయి.
నేను అన్న మాట మానలే.

డాక్టరు, మీసం సుత సక్కగ రాని పిలగాడు,
మెల్లగ చెప్పిండు:
"మొండితనం కాదన్నా.
మన నోట్లె మెత్తగున్నది
ఆమె నోట్లె కదులుతది."
పట్నంల నేర్పేటోళ్లున్నరట.
గంటకు నా రెండు దినాల కూలి.
కాగితం మడిచి
ఆధార్ కార్డు పక్కన వెట్టుకున్న.

కంట్రోలు దుకాణంల ఆమె పేరు మీద
ఆరు కిలోలు వస్తయి నెలనెలా.
బియ్యం తినని పిల్లకు బియ్యం.
అవి అమ్మి బిస్కెట్లు కొంట.
తప్పే.
రాసుకునేటోళ్లు రాసుకోండ్రి.

ఎండకాలం కంపెనోడు కవరు రంగు మార్చిండు.
లోపల అదే బిస్కెట్, రెండు తక్కువ.
ఆమె లెక్కవెట్టింది,
పుడను వేలితోని పక్కకు జరిపింది.
ఐదు నాలుగయినయి.

సైదమ్మ చెత్తకుండిల దేవులాడి
పాత కవరొకటి దొరకవట్టింది.
కడిగింది. నీడకు ఆరవెట్టింది.
రెండు పుడలు విప్పి లెక్క సరిజేసి
కొత్తయి పాతదాంట్ల పేర్చింది.
ఇరవై దినాలు నడిచిందా కవరు.
మడతల కాడ పలిగితె టేపు ఏసినం,
టేపు సప్పుడుకు చెవులు మూసుకుంది.
గంజితోని అతికించినం.
గంజంటె అన్నమే గద.
ఆ సంగతి ఆమెకు చెప్పలే.

పోపు వాసనకు కక్కుతదని
మెట్ల కింద మా పొయ్యి.
వానల గొడుగు మెడకు ఇరికిచ్చుకొని
చారు కాస్తది సైదమ్మ.
పెండ్లిళ్లకు ఒకరం పోతం, ఒకరం ఉంటం.
బడిల వంటజేసే యాదమ్మ
గుడ్డు దినం పచ్చసొన నలుసు లేకుంట తీసి
వేరే గిన్నెల పెడ్తది.
"నా మనుమరాలైతె తియ్యనా" అంటది.
ఆమెకు పిల్లలే లేరు.

నిన్న పొద్దుగూకి వచ్చి
తౌడు దులపకుంటనే గడప మీద కూసున్న.
వెనుక నుంచి వచ్చింది.
నా కాలరుల ఇరికిన గింజ ఒకటి
రెండేళ్లతోని తీసింది.
బుగ్గ వెలుగుకు పట్టి చూసింది.
వాసన చూసింది.
మెట్ల కింద గంటె సప్పుడు ఆగింది.
నేను మెడ తిప్పలే.

పండ్ల నడుమ పెట్టుకుంది.
కర్రుమన్నది.

ఉమ్మింది.

మల్ల నా కాలరు దేవులాడవట్టింది.

మూలకు కూసున్న మా అవ్వ
అలవాటు కొద్ది అరిచింది:
"పచ్చి బియ్యం బుక్కితె
లగ్గం నాడు వానవడ్తదే పోరీ!"

పడనియ్యవ్వా.
పందిరి కొట్టుకపోయేటంత పడనీ.